కారు లేని షెడ్డులో నా పనిబల్ల

మా ఇంటికి కారు షెడ్డు ఉంది, కారు మాత్రం లేదు. మదనపల్లెలో ఈ ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూసిన పెద్దమనిషి, వాయవ్య మూల వాహనానికి వదలాల్సిందేనని భీష్మించుకుని కూర్చున్నాడు. మాకున్న వాహనం ఒక పాత మోపెడ్. దానికోసం పది అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు గది, ముందు ఇనుప షట్టరు, పైన ఒక వెంటిలేటరు. అంత చోటులో ఆ మోపెడ్ గోడకానుకుని నిలబడి ఉంటే చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. ఇంటికొచ్చిన చుట్టాలు చెప్పులు విప్పకముందే "కారెప్పుడు తీసుకుంటాండారు?" అని అడిగేవాళ్ళు. మా ఆయన తల గోక్కుని ఊరుకునేవాడు. నేను ఊరుకునే రకం కాదు. "కారు రాదు, నా వైసొస్తాది" అనేదాన్ని. వైసంటే ఏమిటో వాళ్ళకు తెలియదు, విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇప్పుడు చెప్తాను. ఇనుప ముక్కను కదలకుండా రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే పనిముట్టు వైసు. దాన్ని గట్టి బల్లకు బోల్టులతో బిగిస్తారు. ఆ బల్ల ముందు నిలబడి ఇనుమును కోయడం, చెక్కడం, ఆకురాయితో రుద్ది నున్నగా చదును చేయడం, ఇదంతా ఫిట్టరు పని. ఇరవై తొమ్మిదేళ్ళు నేను ఐటిఐలో ఆ పని నేర్పాను. మొదట కుప్పంలో, తర్వాత పుంగనూరులో, ఆఖరున మదనపల్లెలో. చీర కొంగు నడుముకు దోపుకుని, పైన ఖాకీ కోటు తొడుక్కుని వర్క్‌షాపులో అడుగుపెడితే మొదటి రోజు ప్రతి బ్యాచీ ముసిముసిగా నవ్వేది. రెండో రోజు నవ్వేది కాదు. నా నోరు అలాంటిది.

అన్నేళ్ళు పనిముట్లు పట్టినా నాదంటూ ఒక్కటీ లేదు. ప్రతి సుత్తి మీదా సర్కారు నంబరు, ప్రతి ఆకురాయి పిడి మీదా సర్కారు నంబరు. సాయంత్రమయ్యేసరికి అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి వట్టి చేతులతో ఇంటికి రావాలి. ఆయుధ పూజ రోజు ఐటిఐలో మిషన్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, పిల్లలకు బొరుగులూ బెల్లమూ పంచి ఇంటికొస్తే, ఇక్కడ మా ఆయన కుట్టు మిషనుకూ కత్తెరకూ బొట్లు పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. ఆయన దర్జీ. పుంగనూరులో అంగడి ఉన్నన్నాళ్ళూ, ఇప్పుడు ఇంటి ముందుగదిలో మిషను వేసుకున్నాక కూడా, ఆ పూజ ఆయనకు పెద్ద పండగ. ఒక ఏడు "నీది కూడా ఏమన్నా ఉంటే తెచ్చి పెట్టు మే" అన్నాడు, ఊరికే, మంచి మనసుతోనే. నాకు ఎక్కడలేని రోషం వచ్చి వంటింట్లో అట్లకాడ తెచ్చి దానికి ఇంత బొట్టు పెట్టి ఆయన కత్తెర పక్కన పడేశాను. ఆయన నవ్వలేదు, పాపం. ఆ అట్లకాడను తీసి కళ్ళకద్దుకున్నాడు.

పుంగనూరులో కాపురం, మదనపల్లెలో ఉద్యోగం ఉన్న ఏడెనిమిదేళ్ళూ పొద్దున్నే బస్సులో పోయేదాన్ని. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, కళ్ళు మూసుకునేదాన్ని. నిద్ర కాదు. ఇంకా కట్టని ఇంట్లో, ఇంకా లేని షెడ్డులో, నా సామాను సర్దుకునేదాన్ని. ఈ గోడకు సుత్తులు, చిన్నదాని నుంచి పెద్దదాకా. ఆ గోడకు రంపాలు. వెంటిలేటరు కింద బల్ల, ఎందుకంటే పొద్దుటి వెలుతురు ఎడమ చేతి వైపు నుంచి పడాలి. కొన్ని రోజులు బల్లను ఇటు నుంచి అటు జరిపేదాన్ని. చలికాలంలో మదనపల్లె దగ్గరపడే కొద్దీ మంచు బస్సు లోపలికి వచ్చేది, అందరూ మఫ్లర్లు చుట్టుకుని తూగుతుండేవాళ్ళు, బయట టమాటా లారీలు లైట్లు వేసుకుని ఎదురొచ్చేవి. ఆ మంచులో నా షెడ్డు ఎంత స్పష్టంగా కనబడేదంటే, చేయి చాస్తే వైసు పిడి చల్లగా తగిలేది. కండక్టరు దిగమని చెప్పేదాకా నేను ఆ షెడ్డులోనే ఉండేదాన్ని.

రిటైరయ్యే ఏడాది నా కుడిచేయి వణకడం మొదలుపెట్టింది. ఇనుము మీద గీత గీసే సూదిమొన పనిముట్టుతో పిల్లలకు చూపిస్తూ ఒక గీత గీశాను. గీత వంకరపోయింది. రేకు కదిలిందని పిల్లలను కసిరాను. మరుసటి రోజూ వంకరపోయింది. ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి పోయాను. ఇది ఇలాగే ఉండొచ్చు, పెరగనూవచ్చు, ఇప్పుడే చెప్పలేమన్నాడు. మాత్రలు రాశాడు. ఆ చీటీని మడిచి బియ్యం డబ్బా అడుగున పెట్టాను. మా ఆయనకు చెప్పలేదు. చెబితే షెడ్డు సంగతి అక్కడితో ముగిసేది, "ఇప్పుడెందుకు మే ఇవన్నీ" అని మెత్తగా ఒక మాట అనేవాడు, ఆ మెత్తదనాన్ని నేను ఎదిరించలేను. నాకు భయంగా ఉండేది. నా చేతిలో పని ఇంకా మిగిలి ఉందా, లేక అంతా సర్కారు బీరువాలోనే పెట్టి వచ్చేశానా, అది నాకు తెలియాలి. ఎవరికో చూపించడానికి కాదు, నాకే తెలియాలి.

అందుకే రిటైరైన నెలలోనే షెడ్డు పట్టుకున్నాను. మోపెడ్‌ను వరండాలోకి నెట్టాను. గోడలకు సున్నం నేనే కొట్టాను. ప్లైవుడ్ పలక ఒకటి గోడకు బిగించి, ఏ పనిముట్టు చోట ఆ పనిముట్టు ఆకారం నల్లరంగుతో దిద్దాను. అప్పటికి ఇంకా పనిముట్లు కొనలేదు. ఆ నీడలే గోడ మీద ఉండేవి. మధ్యాహ్నం పూట షట్టరు సగం దించుకుని స్టూలు మీద కూర్చుని ఆ నల్లటి సుత్తులనూ రంపాలనూ చూస్తూ ఉంటే గంటలు తెలిసేవి కావు. వెంటిలేటరులోంచి ఎండ పలక మీదుగా మెల్లగా జరిగేది. లోపల మా ఆయన మిషను చప్పుడు నడిచేది, ఆగేది, మళ్ళీ నడిచేది. తర్వాత బెంగుళూరు పాత ఇనుప బజారుకు పోయి వైసు తెచ్చాను, ఎవరి చేతుల్లోనో ఏళ్ళపాటు అరిగి నున్నబడిన పాత వైసు. ఆకురాళ్ళు మాత్రం కొత్తవి కొన్నాను. వాటి నూనె కాగితం విప్పితే వచ్చిన వాసనకు నాకు కళ్ళు చెమర్చాయి. సిగ్గేముంది, ఏడ్చాను.

ఇక బల్ల. ఇక్కడే నేను తెలిసి తెలిసి తప్పు చేశాను. బల్లకు చెక్కే వేయాలి. చెక్క దెబ్బను మింగుతుంది, రాయి తిప్పి కొడుతుంది. ఈ ముక్క ఇరవై తొమ్మిదేళ్ళు నేనే బోర్డు మీద రాసి చెప్పాను. కానీ మా వైపు మనుషులకు రాయి పిచ్చి. కంచెకు రాతి కూసాలు, గడప రాయి, వంటగట్టు రాయి, బట్టలుతికేది రాయి, సాయంత్రాలు నడుం వాల్చేది రాతి అరుగు మీద. దేనికైనా "రాయెయ్యి, పడుంటాది" అంటాం. పైగా నేను కుప్పం క్వారీ బిడ్డను. మా నాన్న అక్కడ సుత్తి కొట్టేవాడు, మా అమ్మ ఆయన ఎదురుగా గొంతు కూర్చుని పొడుగాటి ఉలిని రెండు చేతులతో పట్టేది. దెబ్బ పడ్డప్పుడల్లా ఉలిని కొంచెం తిప్పేది, మళ్ళీ దెబ్బ. ఆ రాయి మీదే నా పని జరగాలని నాకు ఒక ఆశ. మా ఆయన కూడా తాళం వేశాడు.

"చెక్కకి చెదలు పడతాది. రాయేస్తే మన తర్వాత గూడా ఉంటాది" అన్నాడు.

కుప్పంలో రాళ్ళు కోసే ఫ్యాక్టరీ ఒకదానిలో పెద్ద మేస్త్రీ ఉన్నాడు. ముసలాయన. చిన్నప్పుడు మా నాన్నతో కలిసి క్వారీలో పనిచేసినవాడు, నన్ను ఎత్తుకుని తిరిగినవాడు. ఫోను చేస్తే సంతోషపడిపోయి తనే రాయి ఏరి, తనే దగ్గరుండి కోయించి, వైసుకు నాలుగు బెజ్జాలు వేయించి పంపాడు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నలుపులో పచ్చ కలిసిన రాయి. గడ్డిలో చుట్టి మినీ లారీలో వచ్చింది. నలుగురు మనుషులు దాన్ని ఇటుక గోడల మీదికి ఎక్కించేసరికి చొక్కాలు తడిసిపోయాయి. పైన నీళ్ళు చల్లి తుడిస్తే వెంటిలేటరు అందులో కనబడింది. ఆ రోజంతా నేను దాన్ని అరచేత్తో తడుముతూనే ఉన్నాను.

మరుసటి రోజు పొద్దున వైసు బిగించాను. ఒక ఇనుప పట్టీని దవడల మధ్య పెట్టి, ఉలి ఎడమ చేత్తో పట్టి, సుత్తి ఎత్తాను. మొదటి దెబ్బ సరిగ్గా పడింది. రెండోదీ పడింది. మూడో దెబ్బకు చేయి వణికింది. సుత్తి ఉలి తలను తప్పి, వైసు పక్కన రాతి అంచు మీద పడింది. చప్పుడు పెద్దదేమీ కాదు. బోల్టు బెజ్జం నుంచి అంచుదాకా సన్నటి గీత ఒకటి పోయింది. నేను చూస్తుండగానే ఆ గీత విచ్చుకుని, మూల పలక ఊడి, వైసుతో సహా నేల మీద పడింది. నా కాలికి జానెడు దూరంలో పడింది.

మా ఆయన మెడలో టేపుతో పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది మే? నీకేం కాలేదు గదా?"

నేను కుడిచేతిని కొంగులో చుట్టుకున్నాను. "రాయి మంచిది కాదు" అన్నాను.

అంత సులువుగా వచ్చేసింది ఆ అబద్ధం. ఆయన నా కాళ్ళవైపు, పడిన రాయివైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత నా ముందే కుప్పం మేస్త్రీకి ఫోను చేశాడు. ఆయనకు కోపం రావడం నేను ఏడాదికి ఒకసారి కూడా చూడను. ఆ రోజు చూశాను. "నమ్మి చెప్తే ఇట్లాంటి రాయా పంపేది? ఆ మనిషి కాలు పోయుంటే ఎవురు జవాబు చెప్తారప్పా?" అని గట్టిగా అడిగాడు. అవతల ఆ ముసలాయన ఏమన్నాడో వినబడలేదు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. పిల్లలు చిన్న అబద్ధమాడితే తోలు వలిచినంత పని చేసిన నోరు ఇది.

ఆ తర్వాత రెండు రోజులు షట్టరు ఎత్తలేదు. మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటే నిద్రా మెలకువా కాని మత్తు కమ్మేది. కుప్పం క్వారీ, తెల్లటి రాతిదుమ్ము, దూరంగా బెంగుళూరు రైలు కూత. దుమ్ములో అమ్మ కనబడేది, కనుబొమ్మలు కూడా తెల్లగా. నాన్న సుత్తి పైకి లేచేది, అమ్మ ఉలి తిప్పేది, దెబ్బకూ దెబ్బకూ మధ్య అమ్మ నావైపు చూసేది. ఆమె చేతులు ఒక్కసారి వణికినా ఆ చేతులు ఉండేవి కావు. ఆ కలలో నేను ఎప్పుడూ చిన్నదాన్నే, కానీ నా కుడిచేయి మాత్రం ఇప్పటిదే ఉండేది. దాన్ని వీపు వెనుక దాచుకుని నిలబడి ఉండేదాన్ని. లేచేసరికి దిండు తడిగా ఉండేది.

మూడో రోజు పది గంటలకు మేస్త్రీ తనే వచ్చాడు. పలమనేరు మీదుగా రెండు బస్సులు మారి, చేతిలో గుడ్డసంచితో, ఎవరూ రమ్మనకుండానే వచ్చాడు. కాఫీ కూడా వద్దన్నాడు. "ముందు రాయిని సూడాల" అన్నాడు. షెడ్డులోకి తీసుకుపోయాం. గొంతు కూర్చుని విరిగిన అంచు వెంబడి బొటనవేలు పోనిచ్చాడు. వేలు బోల్టు బెజ్జం దగ్గరికి వచ్చి, అక్కణ్ణించి అంచు మీద చిన్న తెల్లటి మచ్చ దగ్గర ఆగింది. సుత్తి దెబ్బ పడిన చోటు. రాయితో అరవై ఏళ్ళు బతికిన మనిషికి ఆ మచ్చ అక్షరాలా చదివినంత తేలిక. తలెత్తి నా ముఖంలోకి చూశాడు. తర్వాత నా కొంగువైపు చూశాడు. కొంగు కదులుతోంది, ఎంత బిగబట్టినా లోపల చేయి ఆగడం లేదు.

మెల్లగా లేచి మా ఆయన వైపు తిరిగాడు.

"రాయిలో నరం ఉండాదప్పా. నేనే సూసుకోలేదు. తప్పు నాదే. ఇంకో పలక పంపిస్తా" అన్నాడు.

రాయిలో నరమంటే లోపల కనబడకుండా పారే బలహీనమైన గీత. దాన్ని కనిపెట్టడమే ఆయన విద్య. ఆయన తట్టి చూసి మంచిదన్న రాయిని కుప్పంలో మళ్ళీ ఎవరూ తట్టి చూడరు. అలాంటి మనిషి నా కోసం తన విద్యను తానే తక్కువ చేసుకున్నాడు. మా ఆయన చల్లబడిపోయాడు, "సరేలేప్పా, ఎవురికైనా జరుగుతాది" అని భుజం తట్టాడు. నాకు ఆ గోడలో దూరిపోవాలనిపించింది.

వీధి చివరిదాకా ఆయన వెంట నడిచాను.

"నరం లేదని నీకు తెలుసు. యాల అట్ల చెప్పినావు?" అన్నాను.

"ఎన్నాళ్ళనుంచి పాపా ఈ వణుకు?" అన్నాడు. యాభై తొమ్మిదేళ్ళ నన్ను పాపా అనేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు.

"ఏడాది దాటింది."

"మీ ఇంటాయనకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాను.

"అది నువ్వు చెప్పాల్సిన మాట. నేను చెప్తే బాగుండదు. అందుకే రాయి మీద ఏసినా. అది ఏమనుకుంటాది?" అన్నాడు. సంచి చంకకు మార్చుకుని, తొందరేమీ లేనట్టు నడిచిపోయాడు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన మిషను మీద ఉన్నాడు. ఎదురుగా నిలబడి కుడిచేయి చాపి పట్టుకున్నాను. అది వణుకుతోంది. దెబ్బ తప్పి పడిందని, రాయి తప్పు కాదని చెప్పాను. డాక్టరు చీటీ సంగతి చెప్పాను. ఆయన మిషను చక్రం మీద చేయి వేసి ఆపాడు.

"చెయ్యి సంగతి నాకు తెలుసు. దెబ్బ సంగతి తెల్దు" అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

"ఆర్నెల్లుగా నీ జాకెట్లకి పెద్ద హుక్కులు యాల ఏస్తాండా అనుకున్నావు?"

ఆ హుక్కుల గురించి ఎంత సాధించానో నాకే తెలుసు. కళ్ళు కనబడటం లేదా అని, గోనెసంచికి వేసే హుక్కులు నా జాకెట్టుకు వేస్తావా అని, ఇక మిషను కట్టిపెట్టి కూర్చోమని కూడా అన్నాను. అన్నీ పడ్డాడు. చిన్న హుక్కులు నా వేళ్ళకు దొరకడం లేదని, పొద్దున్నే గదిలో నేను అద్దం ముందు ఎంతసేపు నిలబడి ఉంటానో బయట నుంచి లెక్కగట్టుకుని, ఒక్కో జాకెట్టూ విప్పి మార్చాడు. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"తెలిసి అడగలేదా నన్ను?"

"నువ్వే చెప్తావని సూస్తాంటి."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఇంకా పెద్ద హుక్కులు ఏసుంటా" అన్నాడు. తర్వాత ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. "నేను ఆయన్ని మాటలంటిని. ముందు నువ్వు మాట్లాడు, తర్వాత నేను మాట్లాడతా."

మేస్త్రీ అప్పటికి బస్సులో ఉన్నాడు. ఆయన వినేలా, మా ఆయన వినేలా, పక్కింటివాళ్ళు కూడా వినేంత గట్టిగా, తప్పు నాదని చెప్పాను. "సరేలే పాపా. కొత్త పలక పంపిద్దునా వద్దా, అది చెప్పు" అన్నాడు. వద్దన్నాను. ఈసారి చెక్కే వేస్తానన్నాను. "అది ముందే తెలిసుండాల్సింది నీకు" అని నవ్వాడు. మా ఆయన ఫోను తీసుకుని వరండాలోకి పోయి చాలాసేపు మాట్లాడాడు.

ఆ చెక్క కోసం నేతగాళ్ళ వీధికి పోయాం. ఊళ్ళో చేతిమగ్గాలు విప్పేసి మరమగ్గాలు పెట్టుకుంటున్నారు. ఒక ఇంటి ముందు పాత మగ్గం దూలాలు గోడకు ఆనించి ఉన్నాయి, పట్టుచీరలు నేసీ నేసీ చేతులు తగిలిన చోటల్లా నల్లగా మెరుస్తున్నాయి. ఆ ఇంటామె వాటిని ఇస్తూ ఒకసారి నిమిరింది. ఆ దూలాలను చీల్చి పలకలు చేయించి బల్ల వేశాను. విరిగిన రాతిలో పెద్ద ముక్క పారేయలేదు. చదునుగా ఉన్న రాయి మీద పెట్టి చూస్తేనే ఇనుము చదునో కాదో తెలుస్తుంది. ఆ పనికి అది వంద శాతం పనికొచ్చింది.

ఇక మిగిలింది నా పరీక్ష. ఐటిఐలో ఎవరికైనా మొదటి పాఠం ఒక్కటే. అరచేతిలో పట్టే ఇనుప దిమ్మను ఆకురాయితో రుద్ది, ఆరు ముఖాలూ చదునుగా, మూలలన్నీ సరిగ్గా వచ్చేలా చేయాలి. తర్వాత మూలలు సరిచూసే ఎల్ ఆకారపు ఇనుప పట్టీ, మూలమట్టం, దాని మీద ఆనించి కంటి ఎదుట వెలుతురుకు పట్టుకోవాలి. రెంటి మధ్య నుంచి వెలుతురు రాకూడదు. వచ్చిందంటే ముక్క పనికిరాదు. నేను ఎన్ని వందల ముక్కలను అలా కిటికీకి పట్టి చూశానో, ఎంతమంది మొహాలు మాడిపోయేలా తుక్కు డబ్బాలో విసిరేశానో.

పదకొండు రోజులు పట్టింది నాకు. కొత్త పిల్లలకు నాలుగు రోజుల పని. ఆకురాయి ముందుకు పోయేటప్పుడు చేయి కొంచెం నిలకడగా ఉండేది, వెనక్కి తెచ్చేటప్పుడు వణికేది. వణుకు తగ్గేదాకా నిలబడి, మళ్ళీ తోసేదాన్ని. పొద్దుటి వెలుతురులో ఇనుప రజను గాలిలో తేలుతూ దిగేది, బల్ల మీద బూడిదరంగు పొర పరుచుకునేది. ఆ చప్పుడుకు, ముందుకు ఒకటి వెనక్కి ఒకటి, నేను ఎక్కడ ఉన్నానో మరిచిపోయేదాన్ని. కుప్పమో పుంగనూరో, ఇరవై ఏళ్ళో అరవై ఏళ్ళో తెలిసేది కాదు. నా జీవితంలో అంత ప్రశాంతమైన రోజులు లేవని ఇప్పుడు కూడా చెప్తాను. పన్నెండో రోజు పొద్దున ముక్క తుడిచి, మూలమట్టం ఆనించి, వెంటిలేటరు వైపు ఎత్తి పట్టుకున్నాను.

వెలుతురు వచ్చింది. వెంట్రుకంత కాదు, బాగానే వచ్చింది. తిప్పి ఇంకో ముఖం చూశాను, అక్కడా వచ్చింది. ఆరు ముఖాలూ చూశాను. పిల్లలెవరైనా తెచ్చి ఇచ్చి ఉంటే మాట కూడా మాట్లాడకుండా తుక్కులో విసిరేసేదాన్ని. రంగు డబ్బా ఒకటి తుక్కుకోసం పెట్టుకున్నాను, ముక్కను అందులో పడేశాను. చేతులు కడుక్కున్నాను. పనిముట్లన్నీ వాటి నల్లటి నీడల మీద తగిలించాను. షట్టరు దించి తాళం వేసి, తాళంచెవి దేవుడి గూట్లో పెట్టాను. నా చేతిలో పని అయిపోయింది, అంతే. ఆ మాట నాకు నేనే చెప్పుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత అన్నానికి పిలుద్దామని ముందుగదిలోకి పోయాను. ఆయన కటింగ్ బల్ల మీద సిల్కు జాకెట్టు గుడ్డ పరిచి సుద్దతో గీస్తున్నాడు. జారే గుడ్డ. దాని ఒక కొస కదలకుండా నా ఇనుప దిమ్మ పెట్టి ఉంది.

"అది తుక్కు" అన్నాను.

"నువ్వు పారేసినావు. నేను ఎత్తుకొచ్చుకున్నా. ఇప్పుడిది నాది" అన్నాడు, గీత మీద నుంచి కళ్ళెత్తకుండా.

"మూలలు సరిగ్గా లేవు. వెలుతురు పోతాది."

"పోనీ. నాకు కావాల్సింది బరువు."

దగ్గరికి పోయి వేలితో నొక్కాను. కొంచెం ఊగింది. ఊగకుండా కింద గుడ్డపేలిక మడిచి పెట్టుకున్నాడు, పైన నూనె రాసి తుప్పు పట్టకుండా తుడిచి ఉంచాడు. ఇన్నేళ్ళలో ఇనుముతో నేను చేసిన వస్తువు ఒకటి నా ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి. కానీ ఆ ఊగడం కళ్ళారా చూసి ఓర్చుకోవడం నా వల్ల కాలేదు.

"ఇట్లివ్వు, ఆ అడుగు కొంచెం సరిచేసి ఇస్తా" అని చేయి చాపాను. చేయి వణుకుతూనే ఉంది.

ఆయన దిమ్మ మీద అరచేయి పెట్టి కప్పేశాడు. "దీన్ని ముట్టుకోవద్దు. ఇది పని చేస్తాండాది" అన్నాడు. తర్వాత రెండో చేత్తో గుడ్డ అవతలి కొసను చూపించాడు. అది బల్ల అంచు నుంచి కిందికి జారిపోయి వేలాడుతోంది. "ఈ కొసకి ఏం పెట్టుకునేది? ఇంకొకటి చెయ్యి."

అన్నం చల్లారిపోతుందని తెలిసీ, తాళంచెవి తీసుకుని షెడ్డులోకి పోయాను.